కళ్లకద్దుకుని వేసిన నాలుగు ఉత్తరాలు

ఖాయమైన పెళ్లిని నా చేత్తో నేనే ఎలా చెడగొట్టుకోబోయానో చెబుతాను. నవ్వండి, ఏమీ అనుకోను. ఈ కథకు నవ్వని మనిషిని ఇప్పటిదాకా ఒక్కరినే చూశాను.

అరవైల నాటి మాట. మాది నందిపేట్. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే గుమస్తాగా కొత్తగా చేరాను. చందూర్‌లో భారతి అనే అమ్మాయితో సంబంధం కుదిరింది. వాళ్ల బాపును ఒప్పించి ఆ పిల్ల నాకొక ఉత్తరం రాసింది. అందులో ఒకటే ప్రశ్న: "పెండ్లైనంక నన్ను పంతులమ్మ ట్రైనింగుకు పోనిస్తరా? జవాబు రాయుండ్రి."

మురిసిపోయాను. 'పోనిస్తాను' అనే ఒక్క ముక్కను మూడు పేజీలు రాశాను. నాతో గదిలో ఉండే యాదగిరిని అడిగాను.

"అన్నా, ఉత్తరం ఏడ ఏస్తరు?"

"చర్చి కాడ ఎర్ర డబ్బ ఉంటది. అండ్ల ఏసి రా."

వెళ్లాను. చర్చి గోడ పొడుగునా చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. సందు చేసుకుని లోపలికి పోతే వరండాలో ఎర్ర డబ్బా కనిపించింది. దాని మీద ఏవో అక్షరాలున్నాయి గానీ, కాబోయే పెళ్లికొడుక్కి అక్షరాలు కనపడతాయా, మీరే చెప్పండి! ఉత్తరం పెట్టి అతికించిన లిఫాఫాను రెండు కళ్లకూ అద్దుకుని అందులో వేశాను.

వారమైంది, జవాబు లేదు. ఇంకోటి రాశాను. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, కవరు అతికించగానే ఉత్తరం కాదని నాకేం తెలుసు? పోస్టు టికెట్టు ఊడిపోతోందేమోనని మైదా ముద్దతో అతికించాను. అడ్రసు గుమ్మడికాయంత అక్షరాలతో రాశాను. నాలుగోదానికి మూలల్లో పసుపు కూడా రాశాను. చివరికి పోస్టుమాన్‌ను దారిలో ఆపాను.

"అన్నా, నా ఉత్తరాలు పోతలేవు."

"ఏడ ఏసినవ్?"

"చర్చి కాడి ఎర్ర డబ్బల."

"మరింకేం! తప్పక పోతయి తియ్యి."

నెల దాటాక భారతి అన్న రాజన్న వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావా, మా చెల్లె అడిగినదానికి అవునన్నది లేదు, కాదన్నది లేదు. 'జవాబే ఇయ్యనోడు ట్రైనింగుకేం పోనిస్తడు' అన్నదది. బాపు వేరే సంబంధం సూస్తుండు."

చప్పున లేచాను. "నాలుగు రాసిన బావా, నీ మీద ఒట్టు!"

"రాస్తే ఏడున్నయి మరి?"

"రా, ఏసిన డబ్బనే సూపిస్త!" అని చెయ్యి పట్టి చర్చికి లాక్కుపోయాను.

వరండా ఊడుస్తున్న ముసలాయన నన్ను చూసి చీపురు పక్కన పెట్టాడు. "అచ్చినవా బిడ్డా? గీ వారం రాకపోతివని సూస్తున్న."

"తాతా, ఇండ్ల ఏసిన ఉత్తరాలు ఎవరు తీస్తరు?"

"నేనే తీస్త. తీసి దేవుని ముంగట పెడ్త."

"దేవుని ముంగటనా?"

"గిది ప్రార్థన డబ్బ గద బిడ్డా. కష్టమున్నోళ్లు రాసి ఏస్తరు. అతికించినవి మేం తెరువం, గది దేవునికీ రాసినోనికీ నడుమ మాట. నాకు సదువు రాదు. నీ లిఫాఫాల మీద చెయ్యివెట్టి, ఈ పిలగాని పని కానియ్యి తండ్రీ అని మొక్కిన. కండ్లకద్దుకొని ఏస్తివి, పైంగ టికెట్టు గూడ అతికిస్తివి! గంత భక్తి నేనెన్నడు సూడలే."

రాజన్న మెట్ల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. తాత మాత్రం నవ్వలేదు. లోపలికి పోయి నాలుగు కవర్లూ తెచ్చి, తువ్వాలతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "పోస్టు డబ్బ బయట గోడకుంది బిడ్డా. బండ్లు అడ్డమున్నయి," అన్నాడు.

"ఇగ డబ్బ ఎందుకు బావా, నేనే పోస్టుమాన్!" అని రాజన్న కవర్లు జేబులో వేసుకుని చందూర్ బస్సెక్కాడు.

పెళ్లయింది. భారతి ట్రైనింగుకు వెళ్లి, ఎన్నో ఏళ్లు బోధన్ పిల్లలకు పాఠాలు చెప్పింది. "మా ఆయన జవాబు పైన మంజూరై వచ్చింది" అని ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తుంది. నేనూ నవ్వుతాను. కానీ ఎవరో ఏమిటో అడక్కుండా, నెల రోజులు నా కోసం మొక్కిన ఆ తాత గుర్తొస్తే నవ్వు ఆపి చేతులు జోడిస్తాను.

ఆ రోజే ఆయన సాక్షిగా ఒట్టేశాను: ఇకమీదట దేన్నైనా కళ్లకద్దుకునే ముందు, ఆ కళ్లు ఒకసారి తెరిచి చూస్తానని.