నాలుగు నిమిషాల పేచీ

పేచీల మావయ్య బస్సెక్కడు. ముందు బస్సుతో పోట్లాడతాడు, తరవాత ఎక్కుతాడు. ఈ వరస ఒక్కరోజు కూడా తప్పలేదని ఆ స్టేషన్‌లో పొద్దున్నే తోసుకుంటూ పరిగెత్తే జనంలో ఎవర్నడిగినా చెబుతారు. ఆయన పేరు వాళ్ళెవరికీ తెలియదు, అక్కర్లేదు కూడా. "ఏడూ నలభై అయిదు బస్సు దగ్గర అరుపులు వినబడతాయి, అటు వెళ్ళండి" అంటారు. పేరులో 'పేచీలు' జనం పెట్టింది. 'మావయ్య' మాత్రం మేనకోడలి పుణ్యం. ఆ అమ్మాయి మొదటిరోజే ఆయన చొక్కా పట్టుకు లాగుతూ "రా మావయ్యా, నీకు దణ్ణం పెడతా" అని అందరి ముందూ అనేసింది. అప్పట్నుంచీ ఆయన అందరికీ మావయ్యే.

అమ్మాయికి కళ్ళద్దాల కంపెనీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. తయారైన అద్దాల్ని దీపం ముందు పెట్టి గీతలున్నాయేమో చూడాలి. ఆరు నెలలు చూసి గానీ ఖాయం చెయ్యరు. ఊళ్ళో మేనమామ ఉన్నాడు కదా అని ఆయన ఇంట్లోనే దిగింది. కుట్టుమిషన్లు బాగుచేసే మావయ్య కొట్టు కూడా అదే దారిలో ఉంది.

"మీ మావయ్యతో కలిసి వెళ్ళు, ఏ గొడవా ఉండదు" అంది అత్తయ్య. "నోట్లో నాలుక లేని మనిషి."

అత్తయ్య అబద్ధం చెప్పలేదు. ఇంట్లో కూరలో ఉప్పు మరిచిపోయినా, గుర్తొచ్చి రెండుసార్లు వేసినా ఆ మనిషి కిక్కురుమనకుండా తిని చెయ్యి కడుక్కుంటాడు. ఆ నాలుకని ఇంట్లో దాచి స్టేషన్‌లో వాడుతున్నాడని పాపం ఆవిడకేం తెలుసు!

ఇక ఆ స్టేషన్ సంగతి. దాన్ని కట్టినవాణ్ణి తీసుకొచ్చి, చేతికో సంచి ఇచ్చి, పొద్దున ఏడున్నరకి అక్కడ రైలు దిగి బస్సెక్కమనాలి. అప్పుడు తెలుస్తుంది. పైన రైళ్ళు, కింద బస్సులు, మధ్యలో డెబ్భై రెండు మెట్లు. 'బస్సులకు దారి' అని బాణం గుర్తు ఉంటుంది, ఆ బాణం వెంట వెళితే గోడ వస్తుంది. రైళ్ళవాళ్ళూ బస్సులవాళ్ళూ జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదేమో, రైలొచ్చేసరికి బస్సు వెళ్ళిపోతుంది, బస్సొచ్చేసరికి రైలు వెళ్ళిపోతుంది. లిఫ్టుకి 'మరమ్మతులో ఉంది' అని పదకొండు నెలలుగా బోర్డు. మధ్యలో ఆ బోర్డు వెలిసిపోయింది. లిఫ్టు బాగుచెయ్యలేదు గానీ, ఒళ్ళు మండిపోతుంది, బోర్డు మాత్రం కొత్తది పెట్టారు!

మొదటిరోజు ఆ మెట్లన్నీ దిగి బస్సు దగ్గరికి వచ్చేసరికి ఏడూ నలభై అయింది. మావయ్య ఎక్కలేదు. ఖాళీ సీట్లు కనబడుతున్నా అక్కడే నిలబడి చేతిగడియారం చూసుకున్నాడు. సరిగ్గా నలభై అయిదుకి డ్రైవరు తలుపు మూయబోతుంటే ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టాడు. మెట్టు మీద కాలుంటే ఆ తలుపు మూసుకోదు.

"ఏమయ్యా, నంబరు బోర్డు వంకరగా ఉందేం?"

"వంకరగా ఉంటే బస్సేం వంకరగా పోదు. ఎక్కండి పెద్దాయనా."

"ఎలా ఎక్కుతాను? అది పదిహేడు బస్సనుకోవాలా, పడిపోతున్న బస్సనుకోవాలా?"

"టైమవుతోంది!"

"టైము సంగతి నువ్వు నాకు చెప్పకు!" అని మావయ్య ఒంటికాలి మీద లేచాడు. నిజంగానే ఒంటికాలి మీదే, రెండోది మెట్టు మీదుంది కదా. వెనక తోసుకుంటున్న జనం వైపు తిరిగి, "మీరే చెప్పండి, ఇది న్యాయమేనా?" అన్నాడు.

"న్యాయం సంగతి తరవాత, దారివ్వవయ్యా బాబూ!" అన్నాడు ఒకాయన.

అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. చొక్కా పట్టుకు లాగిందీ, దణ్ణం పెడతానందీ అప్పుడే. మావయ్య కదిలితేనా! అరుస్తూ అరుస్తూ మధ్యమధ్యలో మెట్ల వైపు చూస్తాడు. వినేవాళ్ళు చాలలేదు కాబోలు, ఇంకా ఎవరైనా వస్తున్నారేమో చూసుకుంటున్నాడని ఆమె అనుకుంది.

నాలుగు నిమిషాలు గడిచాక కర్ర టకటకలాడించుకుంటూ ఒకావిడ వచ్చింది. ఆసుపత్రిలో ఆయా. యాభై దాటి ఉంటాయి, కుడి మోకాలు వంగదు, నోరు మాత్రం ఎటు కావాలంటే అటు వంగుతుంది.

"మళ్ళీ మొదలెట్టారూ? జుట్టు నెరిసింది గానీ బుద్ధి రాలేదు. జరగండి! మీ ఒక్కరి వల్ల రోజూ ఈ బస్సు ఆలస్యం!"

మావయ్య కుక్కిన పేనులా పక్కకి జరిగాడు. ఆవిడ ఎక్కింది. "సరే, ఈసారికి వదిలేస్తున్నా" అని డ్రైవరుకి వేలు చూపించి వెనకే తనూ ఎక్కాడు. అంతసేపు తిట్టించుకున్న డ్రైవరు తన వెనక సీటు మీదున్న నీళ్ళసీసా తీసి మావయ్యకి చోటిచ్చాడు. పోట్లాడిన మనిషికి మర్యాదేమిటో అమ్మాయికి అర్థం కాలేదు.

ఆ తరవాత మూడు వారాలూ అదే కథ. ఒకరోజు అద్దం మీద మరక. ఒకరోజు సీటు చిరుగు. ఒకరోజు డ్రైవరు చొక్కాకి రెండో బొత్తాం లేదు. ఇంకోరోజు ఏ తప్పూ దొరక్క, "ఇవాళ అన్నీ సరిగ్గా ఉన్నాయేం? ఏం దాస్తున్నావ్?" అని నిలదీశాడు. కాలు మెట్టు మీద, చూపు మెట్ల మీద, చివర్న "మీరే చెప్పండి, ఇది న్యాయమేనా?"

నవ్వుకునేవాళ్ళకి బాగానే ఉంటుంది. అమ్మాయికి మాత్రం ప్రాణం మీదకొచ్చింది. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఒక్కోరోజు బస్సు వంతెన దగ్గర లారీల వరసలో చిక్కుకుంటుంది, ఆ నాలుగూ ఇరవై అవుతాయి. అప్పటికి రెండుసార్లు ఆమె వేలిముద్ర యంత్రం ముందుకి ఎనిమిదిన్నర దాటాక చేరింది. సూపర్‌వైజర్ కళ్ళజోడు సవరించుకుని చెప్పేసింది.

"మూడోసారి ఆలస్యమైతే నువ్విక రానక్కర్లేదు. బస్సువాళ్ళు రాసిన చీటీ ఉంటే తప్ప నేను వినను."

అమ్మాయి డ్రైవర్ని చీటీ అడిగింది.

"బస్సు బయల్దేరడంలో ఆలస్యం అయిదు నిమిషాలు దాటితేనే చీటీ ఇస్తామమ్మా. మీ మావయ్య నాలుగు దగ్గర ఆపేస్తాడు."

పుండు మీద కారం చల్లినట్టయింది. పోట్లాటలో కూడా ఇంత పొదుపా! పోనీ ముందు బస్సెక్కుదామంటే దాన్ని అందుకునే రైలు లేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె బద్దలైపోయింది.

"నా ఉద్యోగం పోతుంది మావయ్యా! రోజూ ఆ డ్రైవరు మీద పడతావేం? బొత్తాం లేకపోతే నీకేం?"

మావయ్య కంచంలోకి చూస్తూ, "రేపు కాస్త తొందరగా తేలుస్తాలే" అన్నాడు.

"ఎవరు? మీ మావయ్యా? పోట్లాటా?" అని అత్తయ్య పగలబడి నవ్వింది. "వేరే ఎవర్నో చూసి ఉంటావే!"

మర్నాడు ఆమె ఆయనకి అవకాశమే ఇవ్వలేదు. "ఏమయ్యా, ఈ వైపరు..." అని మావయ్య నోరు తెరవగానే వెనకనించి రెండు చేతులూ నడుముకి ఆనించి, గోధుమ బస్తాని తోసినట్టు బస్సులోకి తోసేసింది. "తప్పంతా మాదేనండీ, పోనివ్వండి!" అంది. డ్రైవరు వెంటనే కదల్లేదు. మెట్ల వైపు చూశాడు, గడియారం చూశాడు, "పోనివ్వమంటారా?" అని అదోలా అడిగాడు. "పోనివ్వండి" అన్నారు జనమంతా. తలుపు మూసుకుంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

మావయ్య సీట్లో కూర్చోలేదు. అందర్నీ తప్పించుకుంటూ బస్సు చివరికి వెళ్ళి, వెనక అద్దానికి మొహం ఆనించి నిలబడ్డాడు. దిగేదాకా అక్కడే ఉన్నాడు. అలిగాడులే అనుకుంది అమ్మాయి. ఆ రోజు ఎనిమిదీ పావుకే వేలిముద్ర వేసింది. సాయంత్రం మావయ్య బాగా ఆలస్యంగా ఇల్లు చేరి ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంట్లో ఎప్పుడూ మాట్లాడడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

తెల్లారేసరికి తెలిసిన సంగతేమిటంటే, మాట్లాడకపోవడం కాదు, గొంతే లేదు. నోరు తెరిస్తే గాలి వస్తోంది. "చలిగాలికి పట్టేసింది" అని అత్తయ్య మెడకి గుడ్డ చుట్టింది. హమ్మయ్య, ఇవాళ బస్సు టైముకి బయల్దేరుతుందని అమ్మాయి లోలోపల సంతోషించింది. ఆ సంతోషానికి తరవాత తనని తనే తిట్టుకుంది, అది వేరే సంగతి.

ఏడూ నలభై నాలుగుకి మావయ్య యథాప్రకారం కాలు మెట్టు మీద పెట్టాడు. వేలెత్తి చూపించాడు. చేతులు ఊపాడు. మూగవాడు పోట్లాడుతుంటే పోట్లాటలా ఉండదు, బస్సుకి వీడ్కోలు చెబుతున్నట్టుంటుంది. జనం ఆయన్ని పక్కకి నెట్టి ఎక్కేశారు.

డ్రైవరు అమ్మాయిని దగ్గరికి పిలిచాడు. "ఇవాళ పెద్దాయన వల్ల కాదమ్మా. నిన్న సాయంత్రం స్టేషన్ ఆఫీసులో లిఫ్టు గురించి గంటసేపు అరిచాడట. గొంతు అక్కడే వదిలేసి వచ్చాడు. అటు చూడు."

చూసింది. మెట్ల మీద చాలా పైన ఆయా. కర్ర కింది మెట్టుని వెతుక్కుంటోంది, పక్కనుంచి జనం ఆవిడని రాసుకుంటూ పరిగెడుతున్నారు.

"ఆవిడ రైలు నలభై రెండుకి వస్తుంది. ఆ మోకాలితో ఈ మెట్లు దిగడానికి ఏడు నిమిషాలు. నిన్న వచ్చేసరికి మనం లేం. తరవాతి బస్సు నలభై నిమిషాలకి. పసిపిల్లల వార్డు ఆవిడది. నిన్న ఆలస్యమైందని, ఇంకోసారి ఇలా వస్తే మానిపించేస్తామన్నారట."

"మరి మీరే ఆపచ్చుగా!"

డ్రైవరు ఒక కాగితం చూపించాడు. "బస్సు కదలకపోతే ఎందుకో ఇందులో టిక్కు పెట్టాలి. రోడ్డు రద్దీకి గడి ఉంది. ఇంజనుకి గడి ఉంది. ప్రయాణికుడితో తగాదాకి గడి ఉంది. ఒకావిడ మెట్లు దిగుతోంది అనడానికి గడి లేదమ్మా. ఊరికే ఆపితే నా మెడకి చుట్టుకుంటుంది. ఈ మాట ఒకసారి మీ మావయ్యతో అన్నాను. మర్నాడే నా మీద పడ్డాడు."

"ఆవిడకి తెలుసా?"

"తెలిస్తే బస్సెక్కుతుందా? ఒకరోజు మీ మావయ్య చెయ్యి అందించబోతే కర్రెత్తింది, 'నేనేం ముసలిదాన్నా' అని." డ్రైవరు గడియారం చూశాడు. "నలభై అయిదైంది. నేను పోనివ్వాలి."

రోజంతా అద్దాల్లో వెంట్రుకంత గీతని పట్టుకునే పిల్ల, మూడు వారాలు పక్కనే నిలబడి ఇంత సంగతి పట్టుకోలేకపోయింది! మావయ్య వంక చూసింది. ఆయన మెడగుడ్డలోంచి ఆమె వంకే చూస్తున్నాడు. ఇవాళ ఆలస్యమైతే మూడోసారి. ఉద్యోగం గోవిందా.

కాలు మెట్టు మీద పెట్టింది.

"ఆగండి!"

"ఏం కావాలి?" అని గద్దించాడు డ్రైవరు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఈ... ఈ హారను..."

"హారనుకేమైంది?"

"మరీ... గట్టిగా ఉంది."

బస్సంతా గొల్లుమంది. "మావయ్య నయం!" అన్నారెవరో. అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది. నవ్విన వాళ్ళ మీద, మూడోసారి మీద, అన్నిటికన్నా ఎక్కువ తన మీద తనకి.

"నవ్వండి! పదకొండు నెలల్నుంచి లిఫ్టు లేదు, అప్పుడు నవ్వొచ్చిందా? బోర్డు మార్చడానికి మనుషులున్నారు, లిఫ్టు బాగుచెయ్యడానికి లేరా? గోడ వైపు బాణం వేసినవాడెవడు? ఆ గోడలోంచి వాళ్ళమ్మని వెళ్ళమనండి! రైలొచ్చిన మూడు నిమిషాలకే బస్సంటారా, డెబ్భై రెండు మెట్లు మూడు నిమిషాల్లో దిగి చూపించమనండి! మీరే చెప్పండి, ఇది న్యాయమేనా?"

"కాదు!" అన్నాడు ఆనాడు దారివ్వమన్నాయనే, తనకే తెలియకుండా. మావయ్య అరచేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొడుతున్నాడు.

ఆమె ఆగలేదు. టిక్కెట్టు యంత్రాన్ని కడిగేసింది. ఎవరికీ అర్థం కాని మైకులో గొంతుని కడిగేసింది. వర్షంలో కారే పైకప్పుని కడుగుతుండగా వెనకనించి కర్ర ఆమె చెప్పుని తట్టింది.

"అమ్మాయ్, ఎక్కుతావా, దిగుతావా? మీ ఇంట్లో మీ మావయ్య ఒక్కడు చాలడూ?" అని ఆయా ఆమెని పక్కకి తోసి ఎక్కేసింది.

అమ్మాయి ఇంకా పైకప్పు దగ్గరే ఉంది. డ్రైవరు గొంతు తగ్గించి, "అయిపోయిందమ్మా, ఆవిడ ఎక్కేసింది" అన్నాడు. వినబడలేదు. మరో మూడు నిమిషాల తరవాత మావయ్యే ఆమె చొక్కా పట్టుకుని లోపలికి లాగాడు.

ఆ రోజు వంతెన దగ్గర లారీల వరస తప్పలేదు. దిగేటప్పుడు డ్రైవరు ఆమె చేతిలో ఒక కాగితం పెట్టాడు. "ఏడు నిమిషాలు దాటింది. నీకు చీటీ వస్తుంది."

ఎనిమిదీ నలభైకి సూపర్‌వైజర్ ఆ చీటీని కళ్ళజోడు పైనుంచి ఒకసారి, లోంచి ఒకసారి చదివింది. "ప్రయాణికురాలి తగాదా వల్ల ఆలస్యం. ఛీ, ఎలాంటి మనుషులుంటారమ్మా! నడిరోడ్డు మీద నోరేసుకుని! ఇంట్లో పెద్దవాళ్ళు ఏం నేర్పినట్టు?"

"అదే నేర్పారండీ" అని అమ్మాయి తలొంచుకుని దీపం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. లేటు లెక్కలోకి రాలేదు.

రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య, "ఇవాళ బస్సులో గొడవేం లేదు కదా?" అని అడిగింది. "అబ్బే" అంది అమ్మాయి. గొంతు బొంగురుపోయింది. మావయ్య జేబులోంచి కాగితం తీసి కంచం పక్కన పెట్టి, పెన్సిలుతో రాసి ఆమె వైపు జరిపాడు.

"లిఫ్టు సంగతి బాగుంది. హారను వద్దు. ఆవిడ ఎక్కాక కూడా మూడు నిమిషాలెందుకు?"

"కోపం తగ్గలేదు మావయ్యా" అంది నెమ్మదిగా.

మావయ్య పెన్సిలు మళ్ళీ తీసుకున్నాడు.

"మొదట్లో నాకూ అంతే."