నాలుగు గంటలకు వచ్చినవాళ్ళు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఒక్క వాక్యం రాసి, ఆ పేజీ మడిచిపెట్టాను: ఆ రోజు వాళ్ళు ఆలస్యంగా రాలేదు.

సైన్యంలో ఐదేళ్ళు నర్సుగా చేసి, యూనిఫాం వదిలిన నెలకే నాంపల్లిలో ఒక చిన్న ఆస్పత్రిలో చేరాను. జూన్ నెల. ఉదయం ఏడున్నర. సన్నని వాన. రెండో అంతస్తు వరండా చివర ఆకుపచ్చ తెర. తెర వెనక రెండు ఇనప మంచాలు, రెండు సెలైన్ స్టాండ్లు, ఒక బల్ల. కిటికీలోంచి రైల్వే స్టేషన్ పైకప్పు రేకులు కనిపించేవి.

"గీ రెండు మంచాలు తాగుడు మానెటోళ్ళవి" అంది మేట్రన్. "వేరే దవాఖానల్ల గేటు కాడ్నే తోలేస్తున్నరు. లేకుంటే 'కడుపుల మంట' అని రాసి చేర్చుకుంటరు. గీడ ఉన్నదున్నట్టు రాస్తం."

అబిడ్స్‌లో ఒక చర్చి వెనక గదిలో తాగుడు మానినవాళ్ళు సాయంత్రాలు కలుసుకునేవారు. కొత్తగా మానాలనుకునేవాడికి వణుకు, ఫిట్స్ వస్తే ఎక్కడికి తీసుకుపోవాలో వాళ్ళకు తెలిసేది కాదు. చివరికి మా డాక్టరుగారు రెండు మంచాలు ఇచ్చారు, ఒక షరతు మీద: మందులు మావి, రోజూ వచ్చి పక్కన కూర్చోవడం మీది.

నాకిచ్చిన ఉత్తర్వులు: గంటకోసారి నాడి. చక్కెర ఎక్కువేసిన టీ. చూడవచ్చేవాళ్ళకు సాయంత్రం నాలుగు నుంచి ఐదు.

ఉత్తర్వులంటే నాకు ఇష్టం. మనుషులతో మాట్లాడటమే కష్టం. ఖాళీ దొరికితే, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకంలో తల దూర్చేదాన్ని.

మల్లేశ్ సుల్తాన్ బజార్‌లో దర్జీ. మళ్ళీ తాగితే మిగలడని డాక్టరుగారు ముందే చెప్పారు. చేరిన మూడోరోజు స్టీలు గ్లాసు రెండు చేతులతోనూ పట్టలేకపోయాడు. పొద్దున్నుంచి ఒకటే మాట: "మా మీటింగోళ్ళు ఇయ్యాల గూడ వస్తరంటవా, సిస్టరమ్మా?"

మొదటి రెండు సాయంత్రాలు తలుపు దగ్గర మేట్రన్ ఉంది; ఆ రోజు నా వంతు. సరిగ్గా నాలుగుకు ఇద్దరు వచ్చారు. వార్డు తలుపు దగ్గర రిజిస్టర్ తెరిచాను.

"పేరు?"

"విక్టర్. ఈయన యాదగిరి."

"పూర్తి పేరు?"

"మా మీటింగు కాడ గంతే ఉంటది, బిడ్డా. ఇంటిపేర్లు ఎవ్వరు అడగరు, ఎవ్వరు చెప్పరు."

"పేషెంట్‌కు ఏమవుతారు?"

"ఏం గాము. మేం గూడ తాగినోళ్ళమే." యాదగిరి నవ్వాడు. "గాయనకంటే సీనియర్లం."

పూర్తి పేరు చెప్పనివాణ్ణి లోపలికి పోనివ్వడం సైన్యంలో నేర్చుకోలేదు. పంపించేశాను. వాళ్ళు మెట్లు దిగిపోయారు. మల్లేశ్‌కు నేను చెప్పలేదు.

ఐదుంబావుకు అతను సెలైన్ పీకేసుకుని మెట్ల దగ్గరున్నాడు. మోచేతి మీద నెత్తురు.

"ఎవ్వరు రాలే గద. నేను బతికితే ఎవనికి గావాలె? జర పక్కకు జరుగు."

బ్రాందీ షాపు వీధి మలుపులోనే ఉంది. వార్డు ఆయాను అతని చెయ్యి పట్టుకోమని, ఆ ఇద్దరి కోసం వానలో రోడ్డు మీదికి పరుగెత్తాను. దూరం పోనక్కర్లేకపోయింది. ఎదురుగా ఇరానీ హోటల్లో ఇద్దరూ కూర్చుని ఉన్నారు, మా గేటు వైపు తిరిగి. ముందు ఖాళీ కప్పులు. గంటంబావు నుంచి అక్కడే.

"నాదే తప్పు" అన్నాను.

"గిట్లాంటి తలుపులు మస్తు చూసినం, బిడ్డా. మేం ఇంటికి పోతే గాయన ఎట్ల?" అంటూ విక్టర్ లేచాడు.

మల్లేశ్‌ను చూడగానే యాదగిరి మెట్ల కిందనుంచే అరిచాడు: "ఏందన్నా, మాకే ఎదురొస్తున్నవా? అఫ్జల్‌గంజ్ కాడ బస్సు ఖరాబైంది. అందుకే లేటు!"

నా వైపు చూడనైనా లేదు. ఆ అబద్ధానికి ఇప్పటికీ అతనికి రుణపడి ఉన్నాను.

ఆ సాయంత్రం నేను గడియారం చూడలేదు. విక్టర్ గ్లాసు పట్టుకుని గుక్కగుక్కగా టీ తాగించాడు. రిజిస్టర్‌లో 'సంబంధం' అన్నచోట 'తోటివాడు' అని రాశాను.

అక్కడ రెండేళ్ళు చేశాను. నా చివరి డ్యూటీ రోజు మొదటి మంచం మీద ఒక కొత్త మనిషి వణుకుతున్నాడు. నాలుగుకు తలుపు దగ్గరికి మల్లేశ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. హోటల్ నుంచి తెచ్చిన టీ, స్టీలు గ్లాసు నిండా, ఒంటిచేత్తో. ఒక్క చుక్క తొణకలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

నేను, ఎప్పుడూ లేనిది, నవ్వుతూ రిజిస్టర్ తెరిచాను.

"పూర్తి పేరు?"

"మల్లేశ్. గంతే, సిస్టరమ్మా. జర పోనియ్యి, లోపల మనిషి ఎదురుచూస్తున్నడు."