పోలమ్మ పాటలో సతీష్ పేరు

పాట అమ్ముడుపోయిందా లేదా అని మార్కాపురంలో నాలుగు నెలలు కొట్లాడుకున్నారు. కొట్లాడినోళ్ళలో ఆ పాట కట్టినోడు ఒక్కడూ లేడు. కట్టిన మనిషి పోలమ్మ. ఆమెను ఎవరూ అడగలా. అందుకే ఆమె సంగతి నేను రాస్తన్నా.

నేనెవరినంటే, వెలిగండ్ల పక్క పల్లె మాలకొండయ్యను. చదివింది ఐదో తరగతి, అదీ మార్కాపురం పలక మీదనే. చెక్కభజన నేర్పింది ఇరవైరెండు ఊర్లకు. మైకు లేకుండా మూడు వీధుల అవతలికి వినబడేట్టు పాడినోణ్ణి. కలెక్టరు చేత శాలువా కప్పించుకున్నోణ్ణి. పాట గురించి మాట్లాడే హక్కు ఈ పక్క నాకు లేకుంటే ఇంకెవరికీ లేదు.

పోలమ్మ మా ఊరి గొర్లోళ్ళ బిడ్డ. వాళ్ళమ్మ తిట్టుపాటలో గట్టిది. మందలో గొర్రెపిల్ల మాయమైతే ఆమె స్టేషనుకు పోయేది గాదు, వీధి మధ్యన నిలబడి పాడేది. ముందు రెండు మూడు వరసలు గుట్టుగా, ఆఖరి వరసలో పేరు. పేరు లేని తిట్టు గాలికి పోతదని ఆమె మాట. దానికో కట్టడి ఉండేది. తప్పు ఆ మనిషిది కాదని తేలితే, పాడినామే మళ్ళా నలుగురిలో నిలబడి, ఆ పేరు తీసి అసలు పేరు పెట్టి పాడాల. తర్వాత ఆమె తన చేత్తో నీళ్ళు పోస్తే తిట్టు తిన్నోడు తాగాల. దాన్నే పేరు దించడమంటాం.

పోలమ్మను మార్కాపురం పలకల మిల్లులో పనిచేసే ఆయనకిచ్చినారు. ఆమె కూడా అదే మిల్లులో పలకలకు చట్రాలు బిగించే పనిలో చేరింది. రాయి కోసే మిషను రొదలో పక్కమనిషికి మాట వినబడాలంటే గొంతు ఎట్ల ఉండాల్నో అట్ల తయారైంది. మూడేండ్ల కింద ఎండాకాలం వాళ్ళ కాలనీకి నీళ్ళ ట్యాంకరు పదకొండు రోజులు రాలా. పన్నెండో రోజు కాలనీ మొగదల దాకా వచ్చి, ఆగకుండా పోయింది. పోలమ్మ ఖాళీ బిందె బోర్లించి, పలకముక్కతో కొడతా అక్కడికక్కడే పాట కట్టింది:

ఎండిన బిందెకు ఏడుపే నీళ్ళు
ఎదురుచూసే కంటికి దుమ్మే నీళ్ళు
నిండు ట్యాంకరు ఊగుకుంట పోయె, ఎవడిదిరా పాపం?
నీదేరా సతీషూ, నీ గొంతెండ!

సతీష్ అంటే ఆ ట్యాంకరు డ్రైవరు. ఎవరో దాన్ని ఫోనులో తీసినారు. నెల తిరిగేసరికి నిజం తేలింది. నీళ్ళను హోటళ్ళకు మళ్ళించమన్నది ట్యాంకరు ఓనరు వెంకటరామయ్య. సతీష్ ఎదురుచెప్పి, పని మానుకొని, ఆటో తోలుకుంటన్నాడు. పోలమ్మ పేరు దించుదామనుకునే లోపల పాటను వేరేవాళ్ళు ఎత్తుకపోయినారు.

ఎత్తుకపోయింది 'పగిలిన పలక' అనే బ్యాండు. పగిలిన పలక మీద ఎవడన్నా రాస్తాడా? అట్లాంటివి అడగకూడదంట. బ్యాండుకు పెద్ద ఫణికృష్ణ, షావుకారు కొడుకు, బెంగళూరులో ఇంజనీరింగు చదివి గిటారు తగిలించుకొని వచ్చినాడు. డ్రమ్ములు వాయించేది సింధూజ, చురుకైన పిల్ల. వాళ్ళు పాడేది పంక్ అంట. ఇంగ్లీషోళ్ళ దేశంలో కడుపుమండినోళ్ళు పాడిన పాటంట. మెట్లు మూడే, మిగతాదంతా అరుపు. కడుపుమండినోళ్ళంటే నాకు గౌరవమే. వీళ్ళకు కడుపుమంట బిర్యానీ తిన్నరోజే వస్తది. కొత్త ప్యాంటు కొని మోకాళ్ళకాడ చింపుకుంటారు. పోలమ్మ చినిగిన చీరెకు కుట్లేసుకొని మిల్లుకు పోతది.

ఫోనులో ఉన్న పాటను వీళ్ళు గిటారు మీద పాడి నెట్టులో పెట్టినారు. అది గిద్దలూరు నుంచి కురిచేడు దాకా పాకింది. ఆటోస్టాండులో సతీష్ బండి ఆపితే చాలు, వెనకనుంచి "నీ గొంతెండ" అని అందుకునేవాళ్ళు. బడిలో అతని కూతురికీ అదే పేరు పెట్టినారు. ఒకరోజు అతను పోలమ్మ గడపకాడ వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, నీళ్ళు ఆపింది నేను గాదని నీకు తెలుసు గదా. నా పేరు దించు."

"ఎప్పుడో దించినా నాయనా, మనసులో."

"మనసులో దించితే స్టాండులో ఎవరికి ఇనబడతదక్కా?"

ఆ మాట ఆమెకు ముల్లులాగా దిగింది. నాకు కబురుపెట్టింది. ఇద్దరం బ్యాండోళ్ళ ప్రాక్టీసు గదికి పోయినాం. మేం పోయేసరికి లోపల కొట్లాట. వెంకటరామయ్య కొత్త బట్టల దుకాణం తెరుస్తా బ్యాండును పిలిచినాడు. పోతే అమ్ముడుపోయినట్టేనని ఫణికృష్ణ. పోతేనే పాట పదిమందికి చేరతదని సింధూజ. పోలమ్మ వాళ్ళిద్దరి మధ్యలో నిలబడింది.

"పోతే పోండి, మానితే మానండి. పాటలో సతీష్ పేరు తీసి, ఆ దుకాణపాయన పేరు పెట్టండి. నీళ్ళు ఆపింది ఆయన."

అప్పటిదాకా కొట్లాడినోళ్ళు ఇద్దరూ ఒక్కటైనారు. "అమ్మా, అది ఆ రోజు మీ కోపం. ఒరిజినల్. మారిస్తే ఫేక్ అవుతది," అన్నాడు ఫణికృష్ణ.

"కోపం నాది. పాట నాది. పొరపాటు గూడా నాదే. ఫేకు యాడనుంచి వచ్చిందబ్బాయ్?"

నేను కల్పించుకుంటే నా మీదికి తిరిగినాడు. "తాతా, మీకు పంక్ అంటే తెలీదు."

"పంకా తెలుసు నాయనా. శానా జోరుగా తిరగతది, ఉన్నచోటు మాత్రం వదలదు."

సింధూజ నవ్వు ఆపుకొని అడిగింది. "మీరెప్పుడూ లొంగలేదా తాతా?"

"లొంగినా తల్లీ. కలెక్టరు మీటింగులో బోరుబావి పాట పాడతా ఒక ఆఫీసరు పేరు మింగినా. దానికే శాలువా ఇచ్చినారు. పెట్టెలో ఉంది, చలికి గూడా కప్పుకోను. అందుకే చెప్తన్నా."

ఆ పిల్ల తలొంచుకుంది. వాడు వంచుకోలా. వారం చర్చ చేసి తేల్చుకున్నారు. పోతారంట, ఒక్క అక్షరం గూడా మార్చరంట, మార్చకుంటే అమ్ముడుపోయినట్టు గాదంట. బెంగళూరు చదువు!

దుకాణం తెరిచిన రోజు పొద్దున పదకొండు గంటలకు రోడ్డంతా జనం. ముందు కుర్చీలో వెంకటరామయ్య, మెడలో పూలదండ. ఫణికృష్ణ గొంతు చించుకొని "నీదేరా సతీషూ" అనేసరికి ఆయన లేచి చప్పట్లు కొట్టినాడు. ఎందుకు కొట్టడు? తాను ఆపిన నీళ్ళకు, తన మాట కాదన్న డ్రైవర్ని, తన దుకాణం ముందరే తిడతన్నారు. ఇంతకన్నా చవగ్గా ఏ పాటా అమ్ముడుపోలేదు. అదీ ఒక్క అక్షరం మారకుండా.

రోడ్డు అవతల సతీష్ ఆటోలో తల దించుకొని ఉన్నాడు. పోలమ్మ స్టేజీ ఎక్కలా. ఆటో పక్కన నిలబడి, బిందె బోర్లించి, పలకముక్కతో కొట్టింది. స్పీకర్ల సౌండు పెంచినారు. మిషను రొద మీద పదిహేనేండ్లు మాట్లాడిన గొంతుకు స్పీకర్లు ఒక లెక్కా?

"నిండు ట్యాంకరు ఊగుకుంట పోయె, ఎవడిదిరా పాపం? సతీషుది గాదు, నేను తప్పుగా పాడినా! నీదేరా ఎంకటరామయ్యా, నీ గొంతెండ!"

రెండోసారికి ఆమె కాలనీ ఆడోళ్ళు అందుకున్నారు. మూడోసారికి ఆటోస్టాండు అందుకుంది. సింధూజ గూడా డ్రమ్ముల మీద ఆ దరువే వేసింది, ఆ పిల్లకు నా దీవెన ఉంది. ఫణికృష్ణ మాత్రం పోలమ్మ ఒరిజినల్‌ను పాడుచేసిందని ఇప్పటికీ నెట్టులో రాస్తానే ఉన్నాడు. వెంకటరామయ్య పూలదండ తీసేసి లోపలికి పోయినాడు. కాలనీకి ట్యాంకరు వచ్చిందా అంటే, ఇంకా రాలా. పాట ఆపాల్సిన రోజు గూడా రాలా.

పోలమ్మ రోడ్డు దాటి, వచ్చినోళ్ళకని దుకాణం ముందర పెట్టిన నీళ్ళ డ్రమ్ములోనుంచి బిందె నింపుకొని వచ్చింది. సతీష్ ఆటో దిగి దోసిలి పట్టినాడు. ఆమె పోసింది. అంగీ అంతా తడుపుకుంటా, బిందె సగమయ్యేదాకా తాగినాడు.