తారుమారైన రెండు లైన్లు

అప్పాజీ టీవీలు బాగుచేసుకుంటూ, ప్రింటవుట్లు చదివి, కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపే లినక్స్ కెర్నెల్ నేర్చుకున్నాడు. 2003లో రాజమండ్రిలో మా చిన్న కంపెనీలో చేరాడు. నన్ను గురువుగారూ అనేవాడు. ఆ పిలుపు నచ్చేది గానీ మనిషి నచ్చేవాడు కాదు. డిగ్రీ లేనివాడికి నాకన్నా బాగా తెలుసని కడుపుమంట.

పేపరు మిల్లుల్లో కాగితం మందం కొలిచే కంప్యూటర్ కార్డు మేం తయారుచేసేవాళ్ళం. దాన్ని నడిపించే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, రాసింది నేను. ఆ కార్డు కొలతలను ప్రాసెసర్ చేతిమీదుగా కాకుండా నేరుగా మెమరీలోకి పోస్తుంది. కెర్నెల్ దానికోసం కొంత జాగా కేటాయిస్తుంది. పని ముగిశాక ముందు కార్డుని ఆపాలి, తర్వాతే ఆ జాగా వదలాలి. తూము మూయకుండా చేను అమ్మితే కొన్నవాడి పంట మునుగుతుంది.

"గురువుగారూ, ప్రోగ్రాం మూసేచోట రెండు లైన్లు తారుమారయ్యాయండి. జాగా ముందే వదిలేస్తున్నామండి," అన్నాడు ఒకరోజు.

"టీవీలు విప్పే చేత్తో కెర్నెల్‌లో వేలు పెట్టకు," అన్నాను అందరి ముందూ. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. తర్వాత చూసుకుంటే వాడన్నది నిజమే. దిద్దితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని అలాగే వదిలేశాను.

దసరాకి, మా కార్డు వాడే ఒక చిన్న పేపరు మిల్లులో ఆయుధపూజ పెట్టారు. ఏడాదంతా ఆపని మా ప్రోగ్రాంని, కాగితం ఇంకా చుట్టుకుంటుండగానే, ముహూర్తం దాటిపోతోందని మూసేశారు. కార్డు ఆగలేదు. అప్పటికే రికార్డులు రాసే పనికి ఇచ్చేసిన జాగాలో కొలతలు కుమ్మరించింది. ఏడాది రికార్డులు పాడైపోయాయి.

"ఎవరు రాశారండీ ఇది?" అన్నారు మా యజమాని పల్లంరాజుగారు.

"అప్పాజీ అండి," అన్నాను. నాలుక తడబడలేదు.

అప్పాజీ నావైపు చూశాడు. వాడి భార్య రత్నమాణిక్యం నీళ్ళోసుకుందనీ, ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఆ టీవీల కొట్టే గతి అనీ ఆ వారమే నాతో చెప్పుకున్నాడు. అయినా నోరు విప్పలేదు. గురువు మీద చెప్పకూడదనుకున్నాడు, వెర్రివాడు. అక్కడికక్కడే పంపేశారు.

ఆ రెండు లైన్లు సరిచేసి పైన నా పేరు రాసుకున్నాను. మెచ్చుకున్నారు కూడా.

నాలుగేళ్ళకి మా టీవీ పాడైతే మా ఆవిడ మనిషిని పిలిపించింది. వచ్చింది అప్పాజీ. ఏం మాట్లాడాలో తోచక, నేనే టీవీ వెనక మూత విప్పబోయాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ముందు ఆపాలండి గురువుగారూ. తర్వాతే విప్పాలండి," అని స్విచ్చి తనే కట్టేశాడు.

"ఈయన మీకు తెలుసా అండీ?" అంది మా ఆవిడ నాతో.

"ఈ పని ఈయన దగ్గరే నేర్చుకున్నానమ్మా," అన్నాడు అప్పాజీ, మరలు తీస్తూ.