కుతుబుద్దీన్ సారు ఇటుక

జనగామలో కుతుబుద్దీన్ సారు ఇంటికి వెళ్లి, నిలబడి మాట్లాడి వచ్చిన మనిషి ఉన్నట్టు దాఖలాలు లేవు. ఎవరు గడప దాటినా సారు చాప పరుస్తాడు, వెల్లకిలా పడుకోబెడతాడు, పొట్ట మీద ఇటుక పెడతాడు. ఆ తరువాతే, "ఆ, ఇప్పుడు చెప్పు" అంటాడు.

నాటకాల వాళ్లకు గొంతూ ఊపిరీ నేర్పే గురువుకు అది సమంజసమే. గాలి పీల్చితే లేవవలసింది ఇటుక, రొమ్ము కాదు; మాట ముగిసేదాకా అది మెల్లగా దిగాలి. అయితే నటులు, నటులు కానివారు అనే విభజన సారు ముందు చెల్లదు. ఓట్లడగ వచ్చిన హన్మంతును ఖద్దరు చొక్కాతో సహా పడుకోబెట్టాడు.

"మీ గల్లీకి మురికినీళ్ల మోరీ కట్టిస్త..." ఇటుక కదలలేదు.

"వాగ్దానం పెద్దగున్నది నాయినా, గాలే తక్కువున్నది. మల్లొక్కసారి."

వంటింట్లోంచి సారు భార్య హసన్ బీ అందుకుంది: "మా నిఖా నాడు ఖాజీ సాబ్‌నే పండుకోమన్నడు గీయన. నువ్వెంత!"

శిష్యురాలు దీక్షిత ఆ చాప మీద వాగులా మాట్లాడేది. లేచి మనుషుల ఎదుట నిలబడితే మాత్రం గొంతు మూసుకుపోయేది. నిరుడు నగరంలో జరిగిన పోటీలో ఆమె "మేమందరం వచ్చినం" అనగానే ముందు వరుస పకపకా నవ్వింది. సన్నివేశం విషాదం; నవ్వు యాస మీద. దశాబ్దాలుగా సినిమాలు రౌడీలకూ హాస్యగాళ్లకూ కేటాయించిన యాస అది. పుట్టిన ఊరి మాటను నేరంగా ఎంచి, విచారణ లేకుండా వేసిన శిక్ష ఆ నవ్వు. దానికి అప్పీలు లేదు.

ఈసారి పోటీ మహబూబాబాద్‌లో. ఆమెది కౌలురైతు వేషం. నాటక సమాజం పెద్ద కట్టయ్య ముందే చెప్పాడు: "ఈపాలి గూడ నడుమ మాట ఆగితే వేషం రాధకిస్త బిడ్డా. మనసుల వెట్టుకోకు."

దీక్షిత సారు దగ్గర మొరపెట్టుకుంది. "పైకప్పును జూస్తే మాటొస్తది సార్. మనుషులను జూస్తే పోతది. నిలవడి చెప్పుడు ఎన్నడు నేర్పుతరు?"

"తొందరేముంది? పండుకో."

పోటీ రోజు తెర లేచింది. "గింజ గింజ ఏరి..." అని మొదలుపెట్టింది దీక్షిత. ముందు వరుసలో ఎక్కడినుంచో వచ్చిన అతిథి ఒకాయన పక్కవాడిని మోచేత్తో పొడిచి కిసుక్కుమన్నాడు. మాట ఆగిపోయింది. తెర పక్కన కట్టయ్య తల పట్టుకున్నాడు.

అప్పుడు హాలు నడిమి దారిలో కుతుబుద్దీన్ సారు వెల్లకిలా పడుకున్నాడు. జనగామ నుంచి సంచిలో మోసుకొచ్చిన ఇటుకను పొట్ట మీద పెట్టుకున్నాడు.

"అయ్యో, ముసలాయన పడ్డడు!"

"పడలే, పండుకున్నడు!"

"మరి గా ఇటుకేందిరా!"

హాలంతా వెనక్కి తిరిగి విరగబడి నవ్వింది. ముందు వరుస అతిథి కుర్చీ ఎక్కి మరీ నవ్వాడు. వేదిక మీది దీక్షితకు కనబడుతున్నవి జడలూ, బట్టతలలూ మాత్రమే. ఒక్క కన్ను కూడా ఆమె మీద లేదు. ఊపిరి పొట్టలోకి దిగింది.

"...ఏరి తెచ్చినం!"

ఆ మాట వెనక గోడను తాకింది. తలలన్నీ ఇటు తిరిగాయి. నాటకం ముగిసేదాకా ఆమె ఆగలేదు. ముందు వరుసలో ఎవరు నవ్వారో, నవ్వలేదో చూడనూ లేదు.

చప్పట్లు ఇంకా మోగుతుండగానే ఆమె బయటికి పరుగెత్తింది. సారును బల్ల మీద కూర్చోబెట్టి, దవాఖానకు పోదామని నిర్వాహకుడు బతిమాలుతున్నాడు.

"గందరి ముంగట ఎందుకు పండుకున్నరు సార్? అందరు మిమ్ములనే జూసి నవ్విరి గదా!"

సారు ఆమె కళ్లలోకి చూడలేదు. "నడుం గుంజింది బిడ్డా. గీళ్ల కుర్చీలు మంచిగ లెవ్వు."

నిర్వాహకుడు పరేషానయ్యాడు. వచ్చే ఏడు మెత్తటి కుర్చీలు వేయిస్తానని అక్కడికక్కడే మాటిచ్చాడు.