దంతం పలక మీది దొరసాని

మా ఆయనకు పాత సామాన్ల పిచ్చి. అమెరికాలో మేముండే పిస్కాటవే చుట్టుపక్కల ఎవరైనా చనిపోయి, వాళ్ల ఇంటి సామాను అమ్మకానికి పెట్టారంటే చాలు, శనివారం పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా కారు తీసేవారు. అలా తెచ్చిందే ఆ దొరసాని బొమ్మ. ఏనుగు దంతం పలక మీద నీటిరంగులతో వేసింది. నా అరచేతిలో సగం కూడా ఉండదు.

వేసినవాడు పంతొమ్మిదో శతాబ్దపు చిత్రకారుడని ఆయన నమ్మకం. లండన్‌లో పుట్టి, ఓడలెక్కి మద్రాసు, కలకత్తా తిరిగి, దొరల ముఖాలు గీసి, చివరికి ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడట. అతని బొమ్మలు దొరకడమే అరుదట.

“మన మద్రాసులో షిప్ దిగినవాడే! ఇన్నాళ్లకి మనింటికొచ్చాడు చూడు” అని మురిసిపోయేవారు.

“మరి సైన్ ఏదండీ?” అని నేను ఏడిపించేదాన్ని.

సంతకం నిజంగానే కనబడలేదు. ఆయన పట్టు వదల్లేదు. పైనున్న అద్దం విప్పి ఫోటోలు తీసి, ఒక మ్యూజియానికి మెయిల్ మీద మెయిల్ పెట్టారు. జవాబు రాకముందే, విప్పిన అద్దం తిరిగి బిగించకముందే, మార్చిలో, గుండెపోటుతో పోయారు.

జవాబు మే నెలలో వచ్చింది. అక్కడ పనిచేసే ఆవిడ స్వయంగా వచ్చి చూస్తానంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాట నిజమైతే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాను.

ఆవిడ వస్తానన్నది శుక్రవారం. శుక్రవారం పొద్దున తడిగుడ్డతో పటాలు తుడిచి బొట్లు పెట్టడం నాకు మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. దేవుళ్లను తుడిచాను. ఆయన ఫోటో తుడిచాను. వచ్చే మనిషి ముందు దుమ్ముతో ఏం బాగుంటుందని, అదే గుడ్డతో దొరసానినీ తుడిచేశాను. గుడ్డకు గులాబి రంగు అంటింది. అప్పుడు గాని నా బుర్ర పనిచేయలేదు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి దంతం మిగిలింది.

ఆవిడ రాగానే జరిగింది చెప్పేశాను. నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టలేదు. మెల్లగా చట్రం విప్పి, పలక వెనక అంటించిన కాగితాన్ని భూతద్దంతో చూసింది. చిత్రకారుడి సంతకం అక్కడుంది.

“మీ హస్బెండ్ చెప్పిందే కరెక్ట్” అంది.

నేను బావురుమన్నాను. ఆవిడ కంగారుపడి నా చేయి పట్టుకుంది.

“బాధపడకండి, ఆయన పంపిన ఫోటోల్లో ఫేస్ క్లియర్‌గా ఉందిగా.”

ఆయన ముఖం కూడా నాకిప్పుడు ఫోటోల్లోనే ఉందని ఆవిడతో ఎలా చెప్పను?