ఖాళీ ఇంట్లో వాడకం

ఆఫీసుల్లో కంప్యూటర్లకు తీగలు లాగి, చెడిపోతే బాగుచేసే మనిషి కాబట్టి అందరూ ఆయన్ను తీగలాయన అంటారు. పెళ్లి కాలేదేమని అడిగితే, "ఊళ్లో తీగలన్నీ కలిపాను గానీ నాకే ముడి పడలేదు" అని ముందు తనే నవ్వేస్తాడు.

గోడ అవతల వాటాలో తమ్ముడూ మరదలూ ఉంటారు. రెండిళ్లకూ నెట్ కనెక్షన్ ఒక్కటే. అదే లేకపోతే తమ్ముడు ఈ గుమ్మం తొక్కడు. "అన్నయ్యా, నెట్ రావట్లేదు" అని వచ్చినప్పుడే రెండు మాటలు, ఓ కప్పు టీ.

ఈమధ్య నెల సగంలోనే డేటా అయిపోతోంది. "మా వల్లే అయితే చెప్పు, వేరే కనెక్షన్ తీసుకుంటాం" అన్నాడు తమ్ముడు.

వేరే కనెక్షన్ వస్తే తమ్ముడిక ఈ గుమ్మం తొక్కడనుకున్నాడు తీగలాయన. "తేల్చేద్దాంలే" అన్నాడు పైకి.

కంప్యూటర్లో నాలుగు వరుసల ప్రోగ్రాం రాశాడు. ఏ పరికరం ఎంత లాగిందో రౌటర్ మొదటినుంచీ కలిపిన మొత్తంగానే చెబుతుంది. గంటగంటకూ ఆ అంకె పట్టుకుని, అందులోంచి పాత అంకె తీసేస్తే ఆ గంట వాడకం తేలుతుంది. అనుమానమంతా మరదలి మీదే. పగలంతా కుట్టుమిషను ముందు ఫోనులో పాటలు పెట్టుకు కూర్చుంటుంది. ఆవిడేనని తేలితే తప్పు రౌటర్ మీదకు నెట్టేయాలని కూడా అనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చి నల్లటి తెరమీద కమాండ్ కొట్టాడు. మరదలి ఫోను తిన్నది పిట్టంత. పొద్దున్నుంచీ గంపలకొద్దీ మింగింది ఇంకేదో ఉంది. అదేమిటా అని చూస్తుంటే వెనక ఎవరో పకపకా నవ్వారు. టీవీ!

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఈమధ్య పొద్దున వెళ్తూ నెట్‌లో వచ్చే ఆ కబుర్లు టీవీలో పెట్టి వెళ్లేది తనే. చప్పుడు లేని ఇంట్లోకి అడుగుపెట్టడమంటే ఆయనకు భయం.

తమ్ముడొచ్చాడు. అన్న ఇచ్చిన టీ కప్పు అందుకుంటూ అడిగాడు: "దొంగ దొరికాడా?"

రౌటర్ అబద్ధం సిద్ధంగానే ఉంది. నోరు రాలేదు. "నా టీవీయేరా. పగలంతా నడుస్తోంది."

"పగలు నువ్వుండవుగా! ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. తలుపు తీసేసరికి ఎవరో ఒకరు మాట్లాడుతుంటే బాగుంటుందని..."

తమ్ముడు నవ్వబోయి ఆగిపోయాడు. టీవీ వైపు చూశాడు, చేతిలోని టీ కప్పులోకి చూశాడు. ఏదో ఒకటి అనాలి కదా.

"పోనీ, సౌండు తగ్గించి పెట్టుకో అన్నయ్యా. డేటా తక్కువ లాగుతుంది."

సౌండు తగ్గిస్తే డేటా తగ్గదని తీగలాయనకు తెలుసు.

"అలాగేరా" అని, తమ్ముడి ఎదుటే రిమోట్ తీసుకుని తగ్గించాడు.